బయట పారెయ్యమన్న రాయి

“తాతయ్యా, ప్రకాశం అంటే మనదేగా?”

సంక్రాంతి సెలవులకు వచ్చిన మనవరాలు అడిగిన మాట ఇది. నాలుగో తరగతి చదువుతోంది. దర్శి దగ్గర మా పల్లెటూళ్లో, ఇంటి వెనక కళ్లంలో తొలికోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేను పట్టా అంచున కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాను. వాళ్లమ్మ ఫోనును చేత పట్టుకుని పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. అవునమ్మా, మనదే అన్నాను. “అయితే నువ్వు చెప్పింది తప్పు” అంది.

తప్పే. అంతకు గంట ముందే ఆ పిల్లకు తప్పు చెప్పాను. అనుమానంగా కూడా కాదు, ముప్ఫయ్యొక్క ఏళ్లు జిల్లాపరిషత్తు బళ్లలో సోషలు చెప్పిన గొంతుతో ఖరాఖండిగా చెప్పాను.

బడివాళ్లు సెలవుల్లో ఇంటి దగ్గర చేసుకురమ్మని రెండు పనులిచ్చారు. ఎగరలేని అయిదు పక్షుల బొమ్మలు అతికించి ఒక్కోదాని గురించి నాలుగేసి వాక్యాలు రాయడం ఒకటి. మీ ప్రాంత చరిత్ర గురించి పది వాక్యాలు రాయడం రెండోది. మొదటి పేజీకి నిప్పుకోడి, ఈము, కివీ, పెంగ్విన్, కసోవరీ అని ఇద్దరం అనుకున్నాం. నిప్పుకోడి మన దేశంలో ఉంటుందా తాతయ్యా అని అడిగితే, ఆఫ్రికాలో ఉంటుంది, మన దగ్గర ఎప్పుడూ లేదు అన్నాను. రెండో పేజీకి నేను చెప్పి రాయించినవి ఇవి: ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఏర్పడింది. మొదట్లో ఒంగోలు జిల్లా అనేవారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మిరప, పత్తి, పొగాకు ఇక్కడి ముఖ్యమైన పంటలు. అయిదో వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ నేల చరిత్ర 1970లో మొదలైనట్టు ఒక చిన్నపిల్ల చేత రాయించాను.

ఫోనులో ఉన్నది 2024 నాటి వార్త. బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో పురావస్తుశాస్త్రం చెప్పే దేవర అనిల్ కుమార్, ఆయన బృందం ప్రకాశం జిల్లాలో 41,000 ఏళ్ల కిందటి నిప్పుకోడి గూడును బయటపెట్టారు. మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు ఉన్న చిన్న జాగాలోనే దాదాపు 3,500 పెంకుముక్కలు దొరికాయి. గూడు వెడల్పు తొమ్మిది పది అడుగులు. 9 నుంచి 11 గుడ్లు అందులో ఉండేవని, 30, 40 గుడ్ల దాకా పట్టే గూడని వాళ్ల అంచనా. ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన నిప్పుకోడి గూళ్లలో ఇదే అన్నిటికన్నా పాతదని చెప్పారు.

నేను రోజూ పేపరు చదివే మనిషిని. గుంటూరు యార్డుకు ఎన్ని టిక్కీలు వచ్చాయో, తేజ రకం క్వింటాలు ఎంత పలికిందో చూడనిదే పొద్దు గడవదు. ఈ వార్త కూడా నా కళ్ల ముందు నుంచే పోయి ఉంటుంది. చూపు ఆగలేదు. మన దగ్గర ఇలాంటివి ఉండవని మనసులో ముందే స్థిరపడిపోయినవాడికి అక్షరం కనిపించినా ఆనదు.

ఇది నా ఒక్కడి లోపమైతే ఇంట్లోనే చెప్పుకుని ఊరుకునేవాణ్ణి. పండగకు మా ఇంట్లో పదిహేనుమంది పోగయ్యాం. ఇద్దరు టీచర్లు, ఒక ఇంజనీరు, ఒక బ్యాంకు ఉద్యోగి, పురుగుమందుల కొట్టు నడిపే మా తమ్ముడు. మిగతావాళ్లంతా ఈ నల్లరేగడి మీదే పుట్టి పెరిగినవాళ్లం. పిల్ల ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగింది. ఒక్కరికీ తెలియదు. పోనీ, తెలిశాక ఏమన్నాం? “ఆ పొలం ఎవరిదంట? గవర్నమెంటోళ్లు లాక్కుంటారా?” అన్నదే మా వాళ్ల నోట మొదట వచ్చిన మాట. నలభై ఒక్క వేల ఏళ్ల సంగతి చెప్పిన పిల్లకు మేమిచ్చిన జవాబు ఎకరం ధర.

ఆ పిల్ల మాత్రం పట్టు వదల్లేదు. కళ్లంలో ఖాళీగా ఉన్న చోట మేకు పాతి, నాలుగున్నర అడుగుల తాడు కట్టి, ఆ తాడును తిప్పుకుంటూ ముగ్గుపిండితో గుండ్రంగా గీసింది. నడిమధ్యన నిలబడి రెండు చేతులూ చాపితే వేళ్లకూ గీతకూ మధ్య ఇటు రెండడుగులు, అటు రెండడుగులు మిగిలాయి. పండక్కి తెచ్చిన కొబ్బరికాయల్లోంచి పదకొండు తీసుకెళ్లి అందులో పేర్చింది. నిప్పుకోడి గుడ్డు ఒక్కోటి కిలోన్నర దాకా తూగుతుంది. రెండు డజన్ల కోడిగుడ్ల పెట్టు. కొబ్బరికాయలు చాలవు, ఇంకా పెద్దవి కావాలని సణిగింది.

కాయలేరే ఆడవాళ్లు అయిదుగురు చుట్టూ చేరారు. ఏంది పాపా, చుక్కల్లేని ముగ్గు అన్నారు. పిల్ల విడమరిచి చెప్పింది. ఒక గూట్లో నాలుగైదు పెట్టలు గుడ్లు పెడతాయి. పగలు పెట్ట, రాత్రి పుంజు పొదుగుతాయి. ఆరువారాలకు పిల్లలవుతాయి. నడిచే పక్షి కాబట్టి సముద్రం దాటి రాలేదు, ఆఫ్రికా నుంచి ఆసియా దాకా ఉన్న నేల మీదే తరతరాలుగా నడుచుకుంటూ వచ్చింది. అరబ్బు ఎడారిలో పోయిన శతాబ్దం దాకా బతికే ఉంది. వింటున్నవాళ్లలో ఒకామె నా దగ్గర ఏడో తరగతి చదివిన మనిషి. పనిచేతికి వచ్చిందని వాళ్ల నాన్న బడి మాన్పించాడు, ఇప్పుడు నలభై దాటాయి. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకునే, “మా సారు కూడా ఇయ్యన్నీ మాకు చెప్పలేదే” అంది. నవ్వుతూనే అంది. నేను తల ఎత్తలేకపోయాను.

చెప్పలేదమ్మా. అంతకన్నా పెద్ద తప్పు కూడా చేశాను. ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనని సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

1994లో కనిగిరి వైపు ఒక ఊళ్లో పనిచేస్తున్నాను. ఆరో తరగతికి ఆదిమానవుడి పాఠం. పాతరాతి యుగం, చేతిగొడ్డలి, పుస్తకంలో దాని నల్లటి బొమ్మ. మర్నాడు ఒక కుర్రాడు పుస్తకాల సంచిలోంచి రాయి తీశాడు. వాగు పక్కన వాళ్ల కందిచేలో దొరికిందట. నా అరచేతికన్నా కొంచెం పెద్దది, బరువైన రాయి. బాదంపప్పు ఆకారం, ఒక కొస సన్నం, ఇంకో కొస గుండ్రం. రెండు వైపులా పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. అంచు వెంట వేలు పోనిస్తే తగిలేటంత పదును. పైన తుప్పు రంగు, మట్టి అంటిన చోట ఎరుపు. వాడు ఆ గుండ్రటి కొసను అరచేతిలో ఇముడ్చుకుని సన్నటి కొసను నాకు చూపించాడు. ఎలా పట్టుకోవాలో వాడికెవరూ నేర్పలేదు. ఆ రాయే నేర్పింది.

“సార్, పుస్తకంలో బొమ్మ మాదిరే ఉంది” అన్నాడు.

“అట్టాంటివి మ్యూజియంలో ఉంటాయిరా, చేలో ఉండవు. తీసుకెళ్లి బయట పారెయ్” అన్నాను.

వాడు పారేశాడు. చప్పుడు కూడా నాకు గుర్తుంది. తర్వాత నేను పాఠం కొనసాగించాను. పాతరాతి యుగపు మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో దేశదేశాల పేర్లు బోర్డు మీద రాయించాను.

నేను చదువుకున్నవాణ్ణే. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో మద్రాసు పక్కన పల్లవరంలో ఇలాంటి రాయిని గుర్తుపట్టి, ఈ దేశంలో పాతరాతి మనిషి ఆనవాలు చూపించాడని బీఈడీ పరీక్షల్లో రాసినవాణ్ణే. ఆయన కంకర నేలలో దేన్ని చూసి ఆగాడో, అదే నా బల్ల మీదికి వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టలేకపోవడాన్ని మన్నించవచ్చు, నేను పురావస్తు శాఖ మనిషిని కాను. పుస్తకంలో ఉన్నది మన చేలో ఉండదని ఆ పిల్లవాడికి నేర్పానే, దానికి మన్నింపు లేదు. పాఠాన్నీ చేనునూ కలిపి చూసినవాడు ఆ తరగతిలో వాడొక్కడే. ఆ కలిపిన ముడిని నా చేతులతో నేనే విప్పేశాను.

2024లోనే ఇంకో పరిశోధన వెలువడింది. మన ప్రాంతంలోని రెట్లపల్లెలో దొరికిన రాతి పనిముట్లు సుమారు 1,39,000 ఏళ్ల నాటివని తేల్చారు. మన జాతి మనిషి ఈ ప్రాంతానికి చేరాడని అనుకుంటూ వచ్చిన కాలానికన్నా అవి చాలా ముందటివి. ప్రపంచంలో ఈ విషయం మీద పనిచేసేవాళ్లంతా ఇప్పుడా పేరు పలుకుతున్నారు. రెట్లపల్లె చుట్టుపక్కల బళ్లలో ఎంతమంది పిల్లలు ఎన్నిసార్లు రాళ్లు తెచ్చి చూపించారో, నాలాంటి పంతుళ్లు ఎన్నిసార్లు పారెయ్యమన్నారో ఏ లెక్కలోనూ లేదు.

మనం పారేసినవి రాళ్లే కాదు. మొదటి నుంచీ మనకిది అలవాటు. అమరావతి స్తూపం దిబ్బను 1797లో కాలిన్ మెకెంజీ చూసేనాటికే ఊరి కట్టడాలకు దాని రాళ్లు పీకుతున్నారు. చెక్కిన సున్నపురాళ్లను సున్నం బట్టీల్లో కాల్చారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. తెల్లవాళ్లు ఎత్తుకెళ్లారని తిట్టుకుంటాం, తిట్టాల్సిందే. కాల్చినవాళ్లం మాత్రం మనమే. అదంతా పాతకాలమనుకుంటే, దొనకొండ మండలం చందవరం సంగతి మన కాలానిదే. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధస్తూపం నుంచి దొంగలెత్తుకుపోయిన శిల్పఫలకం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. 2016లో వాళ్లు తిరిగిచ్చారు. అది పోయినప్పుడు నేను చందవరానికి ఒక పూట ప్రయాణం దూరంలో ఉద్యోగం చేస్తున్నాను. పోయిందని నాకు తెలియదు. ఉన్నట్టే సరిగ్గా తెలియనివాడికి పోయినట్టు ఎలా తెలుస్తుంది? ముప్ఫయ్యొక్క ఏళ్లలో పిల్లల్ని ఒక్కసారీ అక్కడికి తీసుకెళ్లలేదు. విహారయాత్రకని హైదరాబాదు తీసుకెళ్లాను, గోల్కొండ చూపించాను, జూలో నిప్పుకోడిని చూపించాను.

దేశమంతటి పిల్లలకు పలకలు పంపిన మార్కాపురం మన ప్రాంతంలోనే ఉంది. మన నేల రాయి మీద ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దారు. మన పిల్లలు మన నేల గురించి ఆ పలక మీద ఒక్క వాక్యం రాసేలా చెయ్యలేకపోయాం.

మనవరాలి అయిదు పక్షుల్లో ఈము రెండోది. దాని బొమ్మ అతికిస్తూ, ఇది ఆస్ట్రేలియాలో ఉంటుంది అని రాసుకుంది. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా ఇంటికి వంద గజాల దూరంలో, తుమ్మచెట్ల మధ్య ఆరడుగుల ఇనపవల కంచె ఇంకా తుప్పుపట్టి నిలబడే ఉంది. 2000ల్లో మన రైతులు చాలామంది ఈము పెంపకంలో దిగారు. నూనె, మాంసం, తోలు, ఈకలు, అన్నిటికీ గిరాకీ ఉంటుందన్నారు. ముదురాకుపచ్చ గుడ్డును అరచేతుల్లో పెట్టి చూపిస్తే కళ్లు చెదిరాయి. జతలు ఒకరి నుంచి ఒకరు కొన్నారు. కొన్నవాళ్లు పిల్లల్ని పొదిగించి ఇంకొకరికి అమ్మారు. చివర్లో తినేవాళ్లు ఎవరో, నూనె కొనేవాళ్లు ఎవరో ఒక్కరూ అడగలేదు. 2012 నాటికి వ్యాపారం కుప్పకూలింది. దాణాకు డబ్బుల్లేక మా బావమరిది కంచె తలుపు తీసేశాడు. ఆ పక్షులు రోడ్డు మీద, చేల గట్ల మీద పొడుగు మెడలెత్తి నిలబడడం నేను కళ్లారా చూశాను. ఎగిరిపోలేవు, ఎటు పోవాలో తెలియదు. కొన్నాళ్లకు ఒక్కటీ మిగల్లేదు.

ఈము పుంజు గుడ్ల మీద దాదాపు ఎనిమిది వారాలు తిండీ నీళ్లూ లేకుండా కూర్చుంటుంది. తండ్రే పొదుగుతాడు, తండ్రే పిల్లల్ని వెంట తిప్పుతాడు. మేం దాన్ని పెంచాం, అమ్మాం, ఆకలితో చంపాం. ఈ ఒక్క సంగతి మా ఇంటి పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. అప్పుల సంగతి తెలిస్తే పరువు పోతుందని దాచాం. దాచడం వల్ల పిల్లకు ఈము ఆస్ట్రేలియా పక్షిగా మాత్రమే మిగిలింది.

దాచడంలో మనకు చెయ్యి తిరిగింది. 1987–88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపారేస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి పోయారు. పత్తి రైతుల ఆత్మహత్యలని దేశం మాట్లాడుకోవడం అక్కడి నుంచే మొదలైంది. అలా పోయినవాళ్ల పిల్లలు నా తరగతి గదిలోనే కూర్చున్నారు. నేను వాళ్లకు ఐరిష్ కరువు పాఠం చెప్పాను. నిజాయితీగా చెప్పాను, బాగానే చెప్పాను. కళ్లెదురుగా ఉన్న పిల్లల ఇంట్లో జరిగింది కూడా చరిత్రేనన్న మాట నా నోట రాలేదు. ఎందుకొచ్చిన గొడవ, సిలబసులో లేదుగా అనుకున్నాను. స్టాఫ్‌రూంలో అందరం అలాగే అనుకున్నాం. పిల్లల్ని గుంటూరు, విజయవాడ హాస్టళ్లలో వేసి ర్యాంకులు తెప్పించుకోవడమే చదువని తల్లిదండ్రులకు నచ్చజెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ర్యాంకులకు మన వాగుల పేర్లతో పనిలేదు. మూసి, మన్నేరు, పాలేరు అంటే ఏవో అనుకునే ఇంజనీర్లను తయారుచేసి పంపాం.

రెండో రోజు సాయంత్రం పిల్ల నోటుపుస్తకం ముందేసుకుని ఒక ప్రశ్న అడిగింది. “ఎగరలేని పక్షులు ఒక పేజీలో, మన ఊరి చరిత్ర ఇంకో పేజీలో ఎందుకు రాయాలి తాతయ్యా? రెండూ ఒకటేగా?”

ముప్ఫయ్యొక్క ఏళ్లు బోర్డు మీద గీతలు గీసి, ఇది సైన్సు, ఇది సోషలు అని విడదీసినవాణ్ణి. నిప్పుకోడి ఈ నేల మీద ఎందుకు లేకుండా పోయింది? వేటాడిన మనిషి వల్లనా, ఎండిపోయిన వాతావరణం వల్లనా, రెండూ కలిసా? దాని వెంట తిరిగిన పెద్ద జంతువులు ఏమయ్యాయి? పరిశోధకులు ఇప్పుడు వెతుకుతున్నది అదే. మహారాష్ట్రలోని పాట్నేలో నిప్పుకోడి పెంకు మీద మనిషి గీసిన గీతలు దొరికాయి. భీమ్‌బెట్కాలో ఆ పెంకును అరగదీసి చేసిన పూసలు దొరికాయి. 2017లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాతికవేల ఏళ్లు పైబడిన పెంకుల్లోంచి డీఎన్ఏ తీసి, ఆఫ్రికా నిప్పుకోడితో దాని చుట్టరికం తేల్చారు. పక్షి, మనిషి, నేల, వాన. ఏది సైన్సు, ఏది సోషలు? పిల్లకు తెలిసింది నాకు తెలియలేదు.

రెండు పేజీలూ కలిపి ఒకటే రాసుకోమన్నాను. తుప్పుపట్టిన కంచె దగ్గరికి తీసుకెళ్లి ఈముల సంగతి కూడా చెప్పాను. మా బావమరిది మొదట మొహం తిప్పుకున్నాడు, తర్వాత తనే వచ్చి మిగతాది చెప్పాడు. పిల్ల రాసుకుంది. బడిలో ఎన్ని మార్కులు వేస్తారో తెలియదు, నేను అడగను.

కనుమ నాడు, ముప్ఫయ్యేళ్ల కిందటి ఆ కుర్రాడి నంబరు సంపాదించి ఫోను చేశాను. హైదరాబాదులో లారీల ఆఫీసులో లెక్కలు చూస్తున్నాడు. నా గొంతు విని సంతోషపడ్డాడు. ఆరోగ్యం అడిగాడు, పంట అడిగాడు. నేను రాయి సంగతి ఎత్తాను. నువ్వు తెచ్చింది నిజమైనదే అయి ఉంటుంది నాయనా, పారెయ్యమనడం నా తప్పు, మనసులో పెట్టుకోవద్దు అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

“ఏ రాయి మాస్టారూ?” అన్నాడు.

మర్నాడు బస్సెక్కి ఆ బడికి వెళ్లాను. రాయి పడిన చోట ఇప్పుడు ప్రహరీగోడ, దాని వెంట సిమెంటు కాలవ ఉన్నాయి. గంటసేపు వెతికాను. దొరకలేదు.

గుంటూరు, ప్రకాశం, పల్నాడు, బాపట్ల జిల్లాల్లో పాఠం చెప్పే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పొలం ఉన్న ప్రతి ఇంటివాళ్లకు నాదొక విన్నపం. పిల్లలు చేలోంచి, వాగులోంచి వింత రాయో, మందపాటి పెంకుముక్కో తెస్తే పారెయ్యమనకండి. కడగనివ్వకండి, పగలగొట్టనివ్వకండి. ఒక కాగితం మీద ఊరు, చేను, తేదీ, ఎవరు తెచ్చారో రాసి దాంతోపాటు పెట్టండి. దొరికిన చోటును ఇంకా తవ్వకుండా, పురావస్తు శాఖవాళ్లకు కబురు చెయ్యండి. తెచ్చిన పిల్ల పేరు ఆ కాగితంలో అందరికన్నా ముందు రాయండి.